నలుగురు మనుషులు, ఆరు నెలల ప్రయాణం: నా నౌక లోపలి ప్లాన్‌లో తప్పులు చెప్పండి

గీతల_పుస్తకం · శనివారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. ఫైనలియర్ ప్రాజెక్టుకి నలుగురు మనుషులు ఆరు నెలలు ఉండే వ్యోమనౌక లోపలి భాగం గీస్తున్నా. ఇంజిన్లు ట్యాంకులు వేరే టీమ్ చూస్తోంది, నాది మనుషులుండే సిలిండర్ ఒక్కటే, నాలుగున్నర మీటర్ల వెడల్పు, ఎనిమిది మీటర్ల పొడవు.

బొమ్మ అప్‌లోడ్ కావట్లేదు, మాటల్లో చెప్తా. ముందు కొసన కంట్రోల్ ప్యానెళ్ళు, నాలుగు సీట్లు. మధ్యలో టేబుల్, దాని చుట్టూ నాలుగు కుర్చీలు, పక్కన వంట. వెనక గోడకి ఫ్యాన్లు, గాలి శుభ్రం చేసే మెషీన్లు. చోటు అక్కడే మిగిలింది కాబట్టి వాటిని ఆనుకునే నాలుగు పడక గదులు పెట్టా. ఎదురుగా ట్రెడ్‌మిల్, టాయిలెట్. కిటికీ పెట్టలేదు, బరువూ లీకేజీ భయమూ రెండూ ఉన్నాయి కదా అని. మా గైడ్ సార్ చూసి స్ట్రక్చర్ బాగానే ఉంది గానీ ఇందులో మనిషెక్కడున్నాడు అని ఆ ఒక్క మాట అనేసి క్లాసుకెళ్ళిపోయారు. రెండ్రోజుల నుంచి అదే బుర్రలో తిరుగుతోంది. ఏం తప్పు చేశానో తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

లలిత_ఆర్కిటెక్ట్ · 9:40

తమ్ముడూ, ముందు ఆ కుర్చీలు తీసెయ్యి. బరువు లేని చోట మనిషి కూర్చోడు, కూర్చోవాలంటే పొట్ట కండరాలు బిగబట్టి తనని తాను మడిచి పట్టుకోవాలి, పది నిమిషాలకే నొప్పి పుడుతుంది. 1973లో అమెరికా స్పేస్ స్టేషన్ స్కైలాబ్ ఎగిరినప్పుడు అందులో ఉన్నవాళ్ళ ఫొటోలు తీసి కొలిస్తే తెలిసింది, ఒంటిని దాని మానాన వదిలేస్తే మోకాళ్ళు కొంచెం వంగుతాయి, తుంటి దగ్గర వంపు వస్తుంది, భుజాలు పైకి లేచి చేతులు ఛాతీ ముందు తేలుతుంటాయి, చూపు కూడా కాస్త కిందికి దిగుతుంది. ఆ భంగిమకి సరిపోయేట్టు టేబుల్ ఎత్తు పెంచు, స్క్రీన్లు వంచు, కుర్చీ బదులు పాదం దూర్చి నిలబడే కడ్డీలు పెట్టు. స్పేస్ స్టేషన్‌లో ఉన్నవాళ్ళకి అరికాళ్ళు మెత్తబడిపోయి, కడ్డీకి రాసుకుని రాసుకుని పాదం పైభాగం గట్టిపడుతుంది. నీ ప్లాన్‌లో ఆ కడ్డీలు ఎక్కడున్నాయో చూపించగలిగితే మనిషి అక్కడున్నట్టు.

ఇంకోటి, పైన వెన్నెముక సాగి మనిషి మూడు శాతం దాకా ఎత్తు పెరుగుతాడు. రష్యా నౌక సోయుజ్‌లో ఒక్కొక్కరి ఒంటికి అచ్చు పోసి సీటు లోపలి భాగం చేస్తారు, అందులో తల దగ్గర ఈ పెరుగుదలకి చోటు వదులుతారు. లాంచ్‌కి, దిగడానికి సీట్లు కావాల్సిందే కాబట్టి అవి ఉంచు, కానీ పైకెళ్ళాక మడిచి పక్కన పెట్టేట్టు ఉండాలి.

గీతల_పుస్తకం · 9:48

కుర్చీలు తీసేశా అక్కా. ఇంత సింపుల్ విషయం నాకు తట్టలేదు.

గాలిపెట్టె · 10:05

నాది బిల్డింగుల్లో వెంటిలేషన్ పని, ఇరవై రెండేళ్ళ నుంచి ఇదే. నీ ప్లాన్ చదవగానే నా గుండె గుభేలుమంది బాబూ. ఫ్యాన్ల గోడని ఆనుకుని పడకలా?

నేనొకసారి ఓ ప్లాంటులో నైట్ షిఫ్ట్ వాళ్ళ రెస్ట్ రూమ్‌కి గాలి కొలవడానికి వెళ్ళా. అన్ని లెక్కలూ కరెక్టే, గాలి సరిపోతోంది, చల్లదనం సరిపోతోంది, కానీ ఒక్కరు కూడా అక్కడ పడుకోరు, బయట బెంచీ మీద పడుకుంటున్నారు. లైట్లార్పి కూర్చుని చూస్తే అప్పుడర్థమైంది, గోడ వెనక డక్ట్ మోటారుది సన్నటి హమ్, చెవికంటే ముందు దవడకి తెలుస్తుంది, మంచం ఇనుప కాలి మీద చెయ్యి వేస్తే వణుకు తెలిసింది. అక్కడైతే బెంచీ ఉంది. నీ నౌకలో బయట బెంచీ ఉండదు, ఆరు నెలలు ఆ ఫ్యాన్ ఆగదు, ఆగకూడదు కూడా.

ఎందుకు ఆగకూడదంటే, ఇక్కడ మనం వదిలిన వెచ్చటి ఊపిరి తేలికై పైకి పోతుంది, కొత్త గాలి వస్తుంది. బరువు లేని చోట వేడి గాలి పైకి పోదు, అసలు పైన అనేదే లేదు. కదలకుండా నిద్రపోతున్న మనిషి మొహం చుట్టూ తన కార్బన్ డయాక్సైడే గూడు కట్టుకుంటుంది. ఫ్యాన్ తోసిన గాలి మొహం దగ్గర నుంచి పోతే గానీ అది కదలదు. దానికి తోడు ఐఎస్ఎస్‌లో, అంటే ఇప్పుడున్న స్పేస్ స్టేషన్‌లో, ఆ గ్యాస్ మోతాదు మామూలుగానే మన బయటి గాలి కంటే కొన్ని రెట్లు ఎక్కువ, అది పెరిగిన రోజుల్లో తలనొప్పి ఫిర్యాదులూ పెరిగాయని అక్కడి వైద్యుల రికార్డుల్లోనే తేలింది. అంటే నిద్రకి ఫ్యాన్ కావాలి, ఫ్యాన్ నిద్ర చెడగొడుతుంది. ఈ రెండింటి మధ్యే నీ డిజైనంతా. మోటారు దూరంగా పెట్టు, డక్ట్ పొడవు పెంచు, మూతి వెడల్పు చెయ్యి, గాలి మెల్లగా రావాలి.

బరువు_లెక్క · 10:31

అందరూ మంచి మాటలే చెప్తున్నారు, నేను కాస్త రెండో వైపు నుంచి మాట్లాడతా. డక్ట్ పొడవు పెంచు, గదులు దూరం జరుపు, గోడలకి శబ్దం తాగే లైనింగ్ వెయ్యి, ఇవన్నీ కిలోలు. లోపల ఒక కిలో పెరిగితే దాన్ని తొయ్యడానికి బయట అంతకి ఎన్నో రెట్లు ఇంధనం. స్ట్రక్చర్స్‌లో పనిచేస్తా కాబట్టి చెప్తున్నా, ఒక్కో బ్రాకెట్ దగ్గర గ్రాములు చెక్కుతాం మేము. అపోలోలో ముగ్గురు ఆ చిన్న డబ్బాలో చంద్రుడి దాకా వెళ్ళొచ్చారు, విడివిడి గదుల్లేవు, ట్రెడ్‌మిల్ లేదు. ఈ కుర్రాడి గైడ్ స్ట్రక్చర్ బాగుందన్నాడంటే సగం పని అయినట్టే.

లలిత_ఆర్కిటెక్ట్ · 10:44

అపోలో మాటెత్తారు కాబట్టి అక్కడి నుంచే చెప్తా సార్. చంద్రుడి మీద దిగే నౌక లూనార్ మాడ్యూల్ మొదటి డిజైన్లలో సీట్లున్నాయి, కూర్చున్నవాడికి కింద నేల కనపడాలంటే పెద్ద పెద్ద కిటికీలు కావాలి, గాజు బరువు. తర్వాత సీట్లు పీకేసి నిలబెట్టారు, ఎందుకంటే చంద్రుడి దగ్గర బరువు ఆరో వంతే, కాళ్ళే సరిపోతాయి. నిలబడ్డవాడి మొహం అద్దానికి దగ్గరగా వచ్చింది, దాంతో చిన్న ముక్కోణపు కిటికీలోంచే ఇంకా ఎక్కువ కనపడింది. సీట్ల బరువు పోయింది, గాజు బరువూ పోయింది. మనిషి ఒళ్ళు ఎలా ఉంటుందో ముందు ఆలోచిస్తే ఒక్కోసారి కిలోలు తగ్గుతాయి, అన్నిసార్లూ పెరగవు.

డాక్టర్_శారద · 11:02

బరువు_లెక్క గారూ, అపోలో ప్రయాణాలు రెండు వారాలు దాటలేదు. పన్నెండు రోజులు ఓర్చుకోగలిగింది నూట ఎనభై రోజులు ఓర్చుకోలేం. వ్యాయామం లేకపోతే తుంటి లాంటి బరువు మోసే ఎముకల్లో సాంద్రత నెలకి ఒకటి, ఒకటిన్నర శాతం పోతుంది. అందుకే స్టేషన్‌లో రోజుకి రెండు గంటల పైన వ్యాయామానికే కేటాయిస్తారు. 2008లో ఆరెడ్ అనే మెషీన్ వచ్చింది, వాక్యూమ్ సిలిండర్లతో 270 కిలోల దాకా బరువు ఎత్తిన ఫీలింగ్ ఇస్తుంది. అంతకు ముందున్న దాంట్లో సగమే వచ్చేది. ఆ గట్టి బరువులు వచ్చాకే ఎముకలు నిలబడటం మొదలైంది. కాబట్టి ఒక్క ట్రెడ్‌మిల్‌తో సరిపోదమ్మా గీతలూ, బరువులెత్తే మెషీన్ కూడా కావాలి.

ఇక కళ్ళ సంగతి. కాళ్ళలో ఉండాల్సిన ద్రవం తలవైపు చేరుతుంది, మొహం ఉబ్బుతుంది, కొంతమందికి కంటి వెనక నరం దగ్గర వాపు వచ్చి దగ్గర చూపు మందగిస్తుంది. ముందుగానే వేరే పవర్ కళ్ళద్దాలు పట్టుకెళ్తారు. దీన్ని నీ ప్లాన్‌లో ఎక్కడ పెట్టాలంటావా, లేబుళ్ళలో పెట్టు. ఎమర్జెన్సీ వాల్వు మీద అక్షరాలు ఆరో నెలలో, చూపు తగ్గిన మనిషి, కళ్ళద్దాలు దొరకని నిమిషంలో చదవాలి. అంత పెద్దగా రాయాలి.

మూడోది నీ బొమ్మలో అసలు లేనిది, వైద్యానికి చోటు. ఒక వ్యోమగామికి మెడ సిరలో రక్తం గడ్డకట్టింది, ఇంకో పరిశోధన కోసం అల్ట్రాసౌండ్ చేస్తుంటే బయటపడింది. పైన ఉన్న ఇంజెక్షన్లు లెక్కపెట్టుకుని పొదుపుగా వాడారు, తర్వాత సరుకుల నౌకలో మాత్రలు పంపారు. ఈ కేసు 2020లో వైద్య పత్రికలో వచ్చింది. నీ నౌకకి సరుకుల బండి రాదు. అంగారకుడి దారిలో అయితే మాట ఒక వైపు చేరడానికే ఇరవై నిమిషాల దాకా పడుతుంది, కింద డాక్టర్ చెయ్యి ఇటు తిప్పు అటు తిప్పు అని చెప్పే వీలు లేదు. మనిషిని కట్టి పడుకోబెట్టి, ఇంకొకరు రెండు చేతులూ వాడగలిగేట్టు పాదాలు నిలదొక్కుకునే చోటు ఒకటి కావాలి. ఛాతీ మీద నొక్కాల్సి వస్తే, కాళ్ళకి ఆధారం లేకపోతే నొక్కినవాడే వెనక్కి ఎగిరిపోతాడు.

బరువు_లెక్క · 11:15

డాక్టర్ గారూ ఒప్పుకుంటున్నా, ఆ రెండు వారాల పాయింట్ సరైనదే. వ్యాయామం మెషీన్ల విషయంలో నా వైపు నుంచి ఒకటి. మనిషి పరిగెడితే ఆ దెబ్బలు ఫ్రేమంతా పాకుతాయి, సోలార్ ప్యానెళ్ళు ఊగుతాయి, అందుకే స్టేషన్‌లో ట్రెడ్‌మిల్‌ని నేరుగా గోడకి బిగించరు, వణుకు ఆపే వ్యవస్థ మీద కూర్చోబెడతారు. ఆ వ్యవస్థ బరువు, చోటు ప్లాన్‌లో చూపించాలి. నాసా ఒరాయన్ నౌకకి అయితే అంత చోటు లేదని ఫ్లైవీల్‌తో, అంటే తిరిగే చక్రంతో నడిచే చిన్న మెషీన్ చేశారు, పద్నాలుగు కిలోల చిల్లర, కానీ 180 కిలోల దాకా లాగొచ్చు. అది చూడు.

రాత్రి_డ్యూటీ · 11:50

నేను ఐసీయూ నర్సుని, పదకొండేళ్ళుగా వారానికి మూడు రాత్రులు. నిద్ర గురించి చదివితే చెప్పకుండా ఉండలేను. పొద్దున ఏడుకి డ్యూటీ దిగి ఎండలో ఇంటికొచ్చి పడుకుంటే ఒళ్ళు పడుకోనివ్వదు, కళ్ళు మండుతుంటాయి గానీ బుర్ర పగలనుకుంటుంది. ఒకసారి అలాంటి నాలుగో రాత్రి మందు డోసు మూడుసార్లు లెక్కేసినా మూడుసార్లూ వేరే వేరే అంకె వచ్చింది, పక్క సిస్టర్‌ని పిలిచి ఆవిడ చేత వేయించా.

స్టేషన్‌లో రోజుకి 16 సార్లు సూర్యుడు ఉదయిస్తాడు. ఎనిమిదిన్నర గంటలు పడుకోమని షెడ్యూల్‌లో ఉన్నా సగటున ఆరు గంటలే పడుకుంటున్నారని, నలుగురిలో ముగ్గురు నిద్రమాత్ర వాడినవాళ్ళేనని 2014లో వచ్చిన పెద్ద స్టడీలో ఉంది. మాత్ర వేసుకున్న మనిషి అర్ధరాత్రి అలారం మోగితే ఎలా లేస్తాడు? 2016 నుంచి అక్కడ పాత ట్యూబులు తీసి కొత్త లైట్లు పెట్టారు, పనికి ఒక తెలుపు, నిద్ర టైమ్ మార్చుకోవాల్సినప్పుడు నీలం ఎక్కువున్న వెలుగు, పడుకునే ముందు పసుపుపచ్చటి వెలుగు. నీ నౌకలో రాత్రి అనేదే రాదు కాబట్టి రాత్రిని నువ్వే తయారుచెయ్యాలి. టాయిలెట్‌కి వెళ్ళే దారిలో లైటు కూడా పసుపుదే పెట్టు, మధ్యలో లేచినవాళ్ళకి నిద్ర ఎగిరిపోకుండా.

గీతల_పుస్తకం · ఆదివారం, ఉదయం 6:20

అందరివీ రెండుసార్లు చదివా, నిద్రపోలేదు. కిటికీ విషయం ఎవరూ అనలేదు, అది లేకపోయినా పర్లేదు కదా?

లలిత_ఆర్కిటెక్ట్ · 7:05

పర్లేదని అనకు! అమెరికా మనిషిని పంపిన మొదటి నౌక మెర్క్యురీ క్యాప్సూల్‌లో మొదట మనిషి చూడ్డానికి సరైన కిటికీ లేదు, 1961 మేలో వ్యోమగామి షెపర్డ్ వెళ్ళినప్పుడు రెండు చిన్న రంధ్రాలు, ఒక పెరిస్కోపు. మాకు కిటికీ కావాల్సిందేనని వ్యోమగాములు పట్టుబడితే జూలైలో గ్రిసమ్ క్యాప్సూల్‌కి వచ్చింది. స్కైలాబ్‌కి కూడా ఇంజినీర్లు వద్దన్నారు. రేమండ్ లోవీ అనే ఇండస్ట్రియల్ డిజైనర్‌ని నాసా సలహాకి పెట్టుకుంది, ఆయన కిటికీ ఉండాలి, అందరూ కలిసి తినే చోటు ఉండాలి, ఒక్కొక్కరికి విడిగా ఒక మూల ఉండాలి అని గట్టిగా నిలబడ్డాడు. ఖాళీ దొరికితే చాలు స్కైలాబ్‌లో ఉన్న ముగ్గురూ అద్దం దగ్గరే. వినోదానికి పంపిన పేకలూ పుస్తకాలూ దాని ముందు ఏపాటి.

రష్యా వైపు గలీనా బలషోవా అనే ఆర్కిటెక్ట్ ఉండేవారు, సోయుజ్ నౌక, సల్యూత్, మీర్ స్పేస్ స్టేషన్ల లోపలి భాగాలు ఆవిడ చేతి మీద గీసినవే. కింద ముదురు రంగు, పైన లేత రంగు, ఎటు చూసినా నేల ఏదో కళ్ళకి తెలిసేట్టు. నేనైతే విద్యార్థిగా ఉన్నప్పుడు ఆ డ్రాయింగులు చూసి గంటలు గడిపా. నీ సిలిండర్ అంతా తెల్లగా ఉంటుందని పందెం, అవునా?

గీతల_పుస్తకం · 7:11

అవునక్కా, మొత్తం తెలుపే.

పాత_సబ్‌మెరైన్ · 8:30

నేను రిటైరై తొమ్మిదేళ్ళయింది. నేను చెప్పేది తలుపుల గురించి.

మా దగ్గర ట్రైనింగ్‌లో మొదటి వారం నేర్పేది ఇదే, ఒక గది నుంచి ఇంకో గదికి వెళ్ళే తలుపులో దేన్నీ పెట్టకూడదు. బకెట్ కూడా. ఒకసారి నేనే ఓ పంపు పని తొందరలో గొట్టం అడ్డంగా లాగి వదిలేశా, అయిదు నిమిషాలే కదా అని. మా చీఫ్ వచ్చాడు, ఏం తిట్టలేదు, తలుపు వెయ్యమన్నాడు. గొట్టం మీద పడి తలుపు ఆగింది. ఆ నాలుగు వేళ్ళ సందు చూపిస్తూ నిలబడ్డాడు, ఒక్క మాట మాట్లాడలేదు. ఇప్పటికీ కళ్ళకి కడుతుంది.

మీర్‌లో జరిగింది సరిగ్గా అదే. 1997 జూన్ 25న సరుకుల నౌక ప్రోగ్రెస్ వచ్చి స్పెక్తర్ మాడ్యూల్‌ని గుద్దింది, గాలి లీకవుతోంది, తలుపు మూసేద్దామంటే ఆ ద్వారంలోంచి కరెంటు కేబుళ్ళు పోతున్నాయి. విప్పగలిగినవి విప్పి, కత్తితో కోసి, మూత పెట్టి బతికారు ముగ్గురూ. అదే ఏడు ఫిబ్రవరిలో మంట లేచినప్పుడు, తప్పించుకోవడానికి ఉన్న ఒక సోయుజ్‌కి వెళ్ళే దారికి మంటే అడ్డం. కాబట్టి బాబూ నీ ప్లాన్‌లో ప్రతి ద్వారం దగ్గర నిలబడి, ఇప్పుడే మూయాలంటే చేతిలోవి వదిలేసి మూయగలనా అని అడుగు. ఏ మూల నుంచైనా బయటపడటానికి రెండు దారులున్నాయా అని కూడా.

1967 జనవరిలో అపోలో 1 లో ముగ్గురు పోయారు, తలుపు లోపలికి తెరుచుకునేది, మంటకి లోపలి ఒత్తిడి పెరిగి ఎవరూ లాగలేకపోయారు. తర్వాత బయటికి, సెకన్లలో తెరుచుకునేట్టు మార్చారు. 1971లో సోయుజ్ 11 లో ఇంకో ముగ్గురు, తిరిగొస్తుంటే ఒక వాల్వు తెరుచుకుని గాలంతా పోయింది. చేత్తో మూసే ఏర్పాటు ఉంది, కానీ మూయడానికి పట్టే టైమ్ కంటే స్పృహ ఉండే టైమ్ తక్కువ. ముగ్గురిని ఎక్కించడానికి ప్రెషర్ సూట్లకి చోటు లేకుండా పోయింది కాబట్టి సూట్లు లేవు. ఆ తర్వాత చాలా ఏళ్ళు ఇద్దరినే పంపారు, సూట్లు వేసి. ఈ ఆరుగురి పేర్లు చదువు, గ్రిసమ్, వైట్, చాఫీ, దొబ్రొవోల్స్కీ, వోల్కోవ్, పత్సాయెవ్. నీ గైడ్ అడిగిన ప్రశ్నకి నాకు తెలిసిన జవాబు ఈ పేర్లే.

బరువు_లెక్క · 8:52

సార్, ఇది చదివి కాసేపు ఏమీ రాయలేకపోయా. ద్వారాల పాయింట్‌కి ఒక్క గ్రాము పెరగదు.

కోడ్_మాధవి · 10:15

నేను సాఫ్ట్‌వేర్ వైపు నుంచి వస్తా. 1968 డిసెంబర్‌లో అపోలో 8 లో వ్యోమగామి లోవెల్ పొరపాటున 01 ప్రోగ్రామ్ నొక్కాడు, అది లాంచ్‌కి ముందు వాడేది, దాంతో నౌక ఏ దిశలో ఉందన్న డేటా పోయింది, కింద వాళ్ళు మళ్ళీ ఎక్కించాల్సొచ్చింది. అలా జరగొచ్చని ఆ సాఫ్ట్‌వేర్ టీమ్‌లోని మార్గరెట్ హామిల్టన్ ముందే చెప్పింది, వాళ్ళ చిన్న పాప సిమ్యులేటర్‌తో ఆడుకుంటూ అదే తప్పు చేసింది కాబట్టి. వ్యోమగాములు తప్పు చెయ్యరు, అంత ట్రైనింగ్ ఉంటుంది అని, ఆ తప్పుని ఆపే చెక్‌ని నాసా వాళ్ళు పెట్టనివ్వలేదు. ట్రైనింగ్ ఎంతున్నా అలసిన వేలు అలసిన వేలే.

అపోలో 11 లో ఇంకోటి, చంద్రుడి మీద నుంచి లేవడానికి కావాల్సిన సర్క్యూట్ బ్రేకర్ పిడి విరిగిపోయింది, ఆ ఇరుకులో వీపు మీది ప్యాక్ తగిలే అంత దగ్గర్లో ఉంది అది. వ్యోమగామి ఆల్డ్రిన్ స్కెచ్ పెన్ను దూర్చి నొక్కాడు. గీతల_పుస్తకం, నీ ప్యానెళ్ళ ముందు బరువైన సూట్ వేసుకున్న మనిషి వెనక్కి తిరిగితే ఏ స్విచ్ తగులుతుందో గీసి చూడు.

బరువు_లెక్క · 10:40

నా వైపు నుంచి ఒకటి జోడిస్తా మాధవి గారూ. అరీస్-1 రాకెట్ డిజైన్ చేస్తున్నప్పుడు కింది సాలిడ్ బూస్టర్ సెకనుకి 12 సార్లు కుదుపు ఇస్తుందని తేలింది. ఆ వణుకులో మనిషి స్క్రీన్ మీద అంకెలు చదవలేడు. దానికి నాసా ఏమ్స్ పరిశోధన కేంద్రం వాళ్ళు స్క్రీన్‌నే ఆ కుదుపుతో తాళం కలిపి వెలిగించి ఆర్పితే అంకెలు నిలబడినట్టు కనపడతాయని పరీక్షించి చూపించారు. టన్నుల కొద్దీ డ్యాంపర్లు పెట్టే బదులు కంటి వైపు నుంచి ఆలోచించారు. లలిత గారు నిన్న చెప్పింది ఇలాంటిదే, రాత్రి నాకు ఎక్కలేదు.

రాత్రి_డ్యూటీ · 12:20

స్కైలాబ్‌లో చివరి టీమ్ పని మానేసి సమ్మె చేసింది అంటారు కదా, అది డిజైన్ లోపమేనా?

డాక్టర్_శారద · 12:45

సమ్మె అనేది తర్వాత అల్లిన కథమ్మా. కార్, గిబ్సన్, పోగ్ 84 రోజులున్నారు, మొదటి వారాల్లో షెడ్యూల్ ఊపిరాడనివ్వలేదు, వెనకబడ్డారు, 1973 డిసెంబర్ 30న కింద వాళ్ళతో మనసు విప్పి మాట్లాడుకున్నారు. ఆ తర్వాత రోజువారీ చిన్న పనులకి గంట, నిమిషం పెట్టడం మానేసి జాబితాగా ఇచ్చారు, వీలున్నప్పుడు చేసుకోండని. పని పెరిగింది, మనుషులూ తేరుకున్నారు. షెడ్యూల్ కూడా డిజైనే అని నా అభిప్రాయం.

లలిత_ఆర్కిటెక్ట్ · 1:30

సైజుల సంగతి మర్చిపోయాం. 2019 మార్చిలో ఇద్దరు ఆడవాళ్ళు కలిసి చెయ్యాల్సిన స్పేస్ వాక్ మార్చాల్సొచ్చింది, ఇద్దరికీ స్పేస్ సూట్‌లో మీడియం సైజు పైభాగమే సరిపోతోంది, వాడటానికి సిద్ధంగా ఉన్నది ఒక్కటే. అక్టోబర్‌లో క్రిస్టినా కోక్, జెస్సికా మీర్ వెళ్ళారు. నీ బొమ్మలో మనిషి ఆకారం ఒకటే సైజు పెట్టుంటావు. అందరికంటే పొట్టి మనిషి చెయ్యి అందుతుందా, అందరికంటే పొడవు మనిషి పడకలో పడతాడా, రెండూ చూడు.

బరువు_లెక్క · 2:10

రేడియేషన్ ఎవరూ ఎత్తలేదు, అది నేను చూసుకుంటా. క్యూరియాసిటీ రోవర్ అంగారకుడికి వెళ్ళే దారిలో కొలిచిన రేడియేషన్ రోజుకి సుమారు 1.8 మిల్లీసీవర్ట్‌లు. నాసా ఒక మనిషికి మొత్తం ఉద్యోగ జీవితానికి పెట్టిన హద్దు 600. అంటే నీ ఆరు నెలలకే సగం దాటిపోతుంది. దానికి పైన సౌర తుపాను, అంటే సూర్యుడి నుంచి ఒక్కసారిగా విరుచుకుపడే రేడియేషన్. 1972 ఆగస్టులో పెద్దది వచ్చింది, అపోలో 16కీ 17కీ మధ్య, పైన ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది.

కవచానికి విడిగా సీసం మొయ్యక్కర్లేదు. హైడ్రోజన్ ఎక్కువున్నవి బాగా ఆపుతాయి, నీళ్ళు, తిండి, ప్లాస్టిక్ సంచులు. అవి ఎలాగూ మోస్తున్నావు. వాటిని పడక గదుల చుట్టూ పేర్చు. మనిషి రోజులో మూడో వంతు ఉండేది అక్కడే, తుపాను వచ్చినా నలుగురూ దూరేది అక్కడే. శబ్దమూ కొంత ఆపుతాయి. నీళ్ళు వాడేకొద్దీ ఖాళీ అవుతాయి కాబట్టి శుభ్రం చేసిన నీళ్ళు మళ్ళీ అందులోకే రావాలి. ఇది కావాలంటే నేను నీతో కూర్చుని లెక్కేస్తా, మెసేజ్ పెట్టు.

గీతల_పుస్తకం · రాత్రి 10:55

అందరికీ చేతులెత్తి నమస్కారం. పాతది చించేసి మొదట్నుంచి గీశా, ఈసారి ముందు నాలుగు మనిషి బొమ్మలు కాగితం మీద కోసుకున్నా, నాలుగూ వేరే వేరే ఎత్తు, మోకాళ్ళు వంచి. వాటిని పెట్టాక గోడలు గీశా.

పడక గదులు మధ్యకి వచ్చాయి, చుట్టూ నీళ్ళ సంచులు, తిండి. మెషీన్లు వెనక కొసకి, వ్యాయామం వాటి పక్కన, రెండింటి గోలా ఒకే చోట. టాయిలెట్ అటువైపే, దారిలో పసుపు లైట్లు. తినే టేబుల్ ముందు భాగంలో, కుర్చీల్లేవు, పాదాల కడ్డీలు, టేబుల్ ఎదురుగా ఒక కిటికీ. ఆ టేబులే పట్టీలు బిగిస్తే వైద్యానికి పనికొస్తుంది, ఛాతీ నొక్కేవాళ్ళకి పాదాలు దూర్చే కడ్డీ రెండు వైపులా. నేల ముదురు ఆకుపచ్చ, పైన తెలుపు. ద్వారాల్లోంచి పోయే కేబుళ్ళన్నీ గోడలోకి మార్చా, మూడు చోట్ల దొరికాయి సబ్‌మెరైన్ సార్, నేనే పెట్టినవి. బరువు పాతదానికంటే పెరిగింది, ఎంతో రేపు బరువు_లెక్క అన్నతో కూర్చుని తేలుస్తా. సోమవారం గైడ్ సార్‌కి చూపించాలి.

పాత_సబ్‌మెరైన్ · 11:10

రెండో దారి? వెనక వ్యాయామం చేస్తున్నవాడికి మధ్యలో పడకల దగ్గర మంట లేస్తే?

గీతల_పుస్తకం · 11:14

పడకల రెండు వరసల మధ్యా ఒక దారి, నీళ్ళ సంచులకీ బయటి గోడకీ మధ్య ఇంకోటి సార్, భుజాలు పక్కకి తిప్పితే పొడవు మనిషి కూడా పడుతున్నాడు, కాగితం బొమ్మతో తోసి చూశా.

గాలిపెట్టె · 11:32

సంతోషంగా ఉంది బాబూ. ఒక్కటి చెప్పు, పడక గదికి చుట్టూ సంచులు పేర్చావు, తలుపు వేసేశాక మొహం దగ్గరికి గాలి ఎటు నుంచి వస్తోంది, ఎటు పోతోంది? బాణం గుర్తులు గీసి పంపు, పడుకోను, చూస్తా.